నీలం ఒక్కటే సఫైర్ కాదు: రంగు ఎలా వచ్చిందో అడిగి కొనండి

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ల కోసం. మీ నాన్నగారిని జ్యోతిష్కులు కనక పుష్యరాగం పెట్టుకోమన్నారు. షాపులో దాన్నే ఎల్లో సఫైర్ అన్నారు. సఫైర్ అంటే నీలం కదా అని మీ సందేహం. అదే ట్రేలో గులాబీ, ఆకుపచ్చ, తెల్ల సఫైర్లు కూడా చూపించారు. అమెరికాలో ఉన్న మీ అమ్మాయి నిశ్చితార్థం ఉంగరానికి టీల్ (నీలం, ఆకుపచ్చ మధ్య రంగు) సఫైర్ కావాలంటోంది. ఇవన్నీ ఒకే రాయేనా, వీటిలో అసలు రంగు ఏది, తెప్పించిన రంగు ఏది అని అడిగారు.

షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు. సఫైర్ ఏ రంగులో ఉన్నా ఖనిజం ఒక్కటే, కురువిందం. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన స్ఫటికం అది. మోస్ కొలతలో గట్టిదనం 9. భూమిలో దొరికే నగల రాళ్లలో దీన్ని మించింది వజ్రమే. మన ఖమ్మం వైపు కూడా కురువిందం దొరుకుతుంది. నగలకి పనికిరాని రకాన్ని రాపిడి పనులకి వాడతారు. ఇదే ఖనిజం ఎర్రగా ఉంటే కెంపు అంటాం, మిగతా ఏ రంగులో ఉన్నా సఫైర్ అంటాం. వ్యాపారంలో ఊరికే సఫైర్ అంటే నీలిరంగుదే. మిగతావాటికి ముందు రంగు పేరు చేరుస్తారు.

అసలు విషయం మీ చివరి ప్రశ్నలో ఉంది. రాళ్ల పరీక్ష, కొనుగోలు పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. "ఇది ఒరిజినలేనా?" అని అడిగితే ఏ కౌంటర్‌లోనైనా "ఒరిజినలే సార్" అనే అంటారు. చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. రాయి భూమిలోంచే వచ్చి ఉంటుంది, రంగు మాత్రం కొలిమిలో వచ్చి ఉంటుంది. అందుకే "ఈ రంగు ఎలా వచ్చింది?" అని అడగాలి. ఆ ప్రశ్నకి ఒక్కో రంగు దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. ధరలో తేడా కూడా చాలావరకు అక్కడే ఉంటుంది.

మలినం లేని కురువిందానికి రంగే ఉండదు. అల్యూమినియం ఉండాల్సిన చోట్లలో వేరే లోహాలు ఏ కొంచెమో దూరితే రంగు పుడుతుంది. క్రోమియం కొద్దిగా ఉంటే గులాబీ, నూటికి ఒక పాలు దాకా ఉంటే కెంపు ఎరుపు. ఇనుము ఒక్కటే ఉంటే పసుపు ఛాయ. టైటానియం ఒక్కటే ఉంటే రంగు దాదాపు లేనట్టే. కానీ ఇనుము, టైటానియం పక్కపక్కన చేరితే నీలం వస్తుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టు, విడివిడిగా దేనిలోనూ లేని రంగు రెండూ కలిస్తే పుడుతుంది. ఇనుము ఇచ్చే పసుపూ ఈ నీలమూ ఒకే రాయిలో ఉంటే మన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తుంది. క్రోమియం గులాబీతో నీలం కలిస్తే వంగపండు రంగు. ఈ లెక్క గుర్తుంటే కొలిమి దగ్గర ఏం చేస్తారో కూడా అర్థమవుతుంది. ఉన్న లోహాల తీరు మార్చడం, లేని లోహాన్ని లోపలికి ఎక్కించడం, ఈ రెండే అక్కడ జరిగేవి.

ముందు నీలం సంగతి. అందరూ కలవరించే కాశ్మీర్ నీలం కిష్త్‌వార్ జిల్లా పాడర్ ప్రాంతంలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున దొరికింది. 1881 ప్రాంతంలో కొండచరియ విరిగిపడి అది బయటపడిందంటారు. మేలైన సరుకంతా చాలావరకు 1887 లోపే తవ్వేశారు. ఆ రాయిలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన కణాలు వెలుగుని చెదరగొడతాయి. అందుకే రంగు కత్తిలా మెరవకుండా మఖమల్ మీద పరిచినట్టు మెత్తగా ఉంటుంది. ఇప్పుడు కాశ్మీర్ రాళ్లు పాత నగల్లోంచి, వేలం సంస్థల ద్వారా, పెద్ద ల్యాబ్ రిపోర్టులతో చేతులు మారుతున్నాయి. మామూలు షాపులో జ్యోతిష్యం రాళ్ల పెట్టెలోంచి "కాశ్మీర్ నీలం" తీస్తే ఆ మాటకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

బర్మాలోని మొగోక్ రాయి నిండు నీలం. శ్రీలంక రాయి అంతకన్నా తేలిక, ఎక్కువ వెలుగు. 1981లో డయానా వేలికి తొడిగిన, ఇప్పుడు కేట్ పెట్టుకుంటున్న 12 క్యారెట్ల రాయి శ్రీలంకదే. 1990ల నుంచి మడగాస్కర్ సరుకు పెద్ద ఎత్తున వస్తోంది. 1998లో ఇలకాక దగ్గర గనులు బయటపడ్డాక ఏకంగా ఊరే వెలిసింది. అక్కడి మంచి రాయిని శ్రీలంక రాయి పక్కన పెడితే అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. ఇక థాయ్‌లాండ్, కంబోడియా, ఆస్ట్రేలియా, నైజీరియా, ఇథియోపియా రాళ్లు ఎక్కువగా బసాల్ట్ శిలలతో పాటు పైకి వచ్చినవి. వాటిలో ఇనుము ఎక్కువ. షాపు స్పాట్‌లైట్ కింద దివ్యంగా ఉండి, వీధిలోకి తెస్తే నల్లగా కనిపించేవి ఈ రకంలో చాలా ఉంటాయి. ఊరి పేరు చూసి కొనకండి అనేది నా అభిప్రాయం. నల్లబడిన బర్మా రాయి కన్నా కళ ఉన్న మడగాస్కర్ రాయి నయం.

నీలం చూసేటప్పుడు ఒక పని తప్పకుండా చేయండి. రాయిని తెల్ల కాగితం మీద పెట్టి పక్కనుంచి చూడండి. శ్రీలంక ముడిరాయిలో రంగు అంతటా సమంగా ఉండదు, ఒక పట్టీగా ఉంటుంది. కోసేవాడు ఆ పట్టీ సరిగ్గా అడుగు మొన దగ్గరికి వచ్చేలా కోస్తాడు. పైనుంచి చూస్తే రాయంతా నీలంగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ముప్పావు వంతు నీళ్లలా ఉంటుంది. ఇది మోసం కాదు, పనితనం. కాకపోతే రాయి అరిగిందనో విరిగిందనో తిరిగి సానబట్టిస్తే ఆ రంగు పోవచ్చు. తెలిసి కొనాలి.

ఇప్పుడు కొలిమి. శ్రీలంకలో గ్యూడా అనే పాలపొడి రంగు రాళ్లు కుప్పలుగా దొరికేవి. ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. 1970లలో థాయ్ వ్యాపారులు వాటిని చవగ్గా కొని, 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉంచితే నీలంగా మారాయి. లోపల సన్నటి సూదుల్లా ఉన్న రూటైల్ అనే ఖనిజం కరిగి, దానిలోని టైటానియం ఇనుముతో జతకట్టడమే కారణం. ఇలా వేడి చేసిన రంగు శాశ్వతం. బజార్లో ఉన్న నీలాల్లో చాలా భాగం వేడి చేసినవే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వేడి చేయని రాయికి అదే రంగులో ధర చాలా ఎక్కువ కాబట్టి, చేసినదాన్ని చేయనిదని చెప్పి అమ్మడమే తప్పు.

అసలు జాగ్రత్త పడాల్సినవి ఇంకో మూడు ఉన్నాయి. రాయి పైపొరలోకి టైటానియం ఎక్కించి నీలం తెప్పించేది ఒకటి. రాయిని నీళ్లలో ముంచి తెల్లటి వెలుగు మీద పెడితే కోణాల అంచుల వెంట రంగు గీతలు ముదురుగా తేలతాయి. సానబట్టిస్తే రంగు పోతుంది. పగుళ్లు నిండిన పనికిరాని రాయిలో కోబాల్ట్ కలిపిన నీలిగాజు పోసేది రెండోది. ఇది దాదాపు గాజుతో అతికించిన సరుకు. కంసాలి మంట తగిలినా, ఆమ్లంలో ముంచినా పాడవుతుంది, నిమ్మరసం కూడా దానికి పడదు. మూడోది పూర్తిగా ఫ్యాక్టరీ రాయి. ఫ్రాన్స్‌లో వెర్నూయి 1902లో మంటలో పొడిని కరిగించి కెంపు తయారుచేసే పద్ధతి ప్రకటించాడు, కొన్నేళ్లకే నీలం కూడా వచ్చింది. కాబట్టి "ఇది మా తాతగారి ఉంగరం, అప్పట్లో నకిలీలు ఎక్కడివి" అనే మాట చెల్లదు. తాతగారి కాలంలోనూ ఉన్నాయి. భూతద్దంలో వంపు తిరిగిన గీతలు, గాలి బుడగలు కనిపిస్తే అది ఆ రకం. భూమిలో పెరిగిన రాయిలో రంగు పట్టీలు తిన్నగా, కోణాలు తిరిగి ఉంటాయి.

మీ నాన్నగారి పసుపు రాయి దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే రంగు ఇదే. బయటికి అమాయకంగా కనిపిస్తుంది కానీ మాయ ఎక్కువ దీనిలోనే.

మొదటి మాయ వేరే రాయి. పుష్యరాగం అనే పేరు మీద మన దగ్గర టోపాజ్ కూడా, ఇంకా చవకైన సిట్రిన్ కూడా అమ్ముడవుతాయి. తేల్చడం చాలా సులువు. వక్రీభవనం కొలిచే చిన్న పరికరం మీద సఫైర్ 1.76–1.77 దగ్గర చూపిస్తుంది, టోపాజ్ 1.61–1.64 దగ్గర, సిట్రిన్ 1.54–1.55 దగ్గర. సాంద్రత కూడా సఫైర్‌కి 4, టోపాజ్‌కి 3.5, సిట్రిన్‌కి 2.65. ఏ చిన్న ల్యాబైనా నిమిషంలో చెప్పేస్తుంది.

రాయి సఫైరే అని తేలాక రెండో ప్రశ్న. పసుపు రంగు సహజంగా రెండు రకాలుగా వస్తుంది. ఇనుము ఎక్కువ ఉన్న రాయిలో ఇనుమే కారణం. థాయ్, ఆస్ట్రేలియా పసుపు రాళ్లు ఈ రకం. శ్రీలంక లేత పసుపులో మాత్రం ఇనుము తక్కువ, స్ఫటికంలోని చిన్న లోపాలే వెలుగుని పట్టి రంగు ఇస్తాయి. అలాంటి రాయి మీద అతినీలలోహిత కాంతి టార్చ్ వేస్తే చాలాసార్లు ఆప్రికాట్ పండు రంగులో నారింజగా వెలుగుతుంది. కొనేవాళ్లు జేబులో ఆ టార్చ్ పెట్టుకుని తిరగడం మీరు చూసే ఉంటారు. అది వెలిగితే శ్రీలంకది అయ్యే అవకాశం ఉందని మాత్రమే లెక్క, వేడి చేయలేదని సర్టిఫికెట్ కాదు.

ఈ లోపాల వల్ల వచ్చే పసుపుని తెచ్చిపెట్టుకోవచ్చు కూడా. తెల్లటి శ్రీలంక రాయికి రేడియేషన్ ఇస్తే నిండు పసుపు వస్తుంది. ఎండలో పెడితే కొన్ని గంటల్లోనో రోజుల్లోనో వెలిసిపోతుంది. చవగ్గా దొరికిన ముదురు పుష్యరాగం ఆర్నెల్లకి తెల్లబడితే "గురుబలం తగ్గింది" అనుకునేవాళ్లని చూశాను. అక్కడ తగ్గింది రంగే.

అన్నిటికన్నా పెద్ద సమస్య బెరీలియం అనే లోహం. 2001 చివర్లో థాయ్‌లాండ్ నుంచి నారింజ, పసుపు సఫైర్లు ఒక్కసారిగా బజార్లోకి వచ్చిపడ్డాయి. అంత సరుకు ఏ గనిలో పుట్టిందని అందరూ తలలు పట్టుకున్నారు. రాళ్లతో పాటు క్రైసోబెరిల్ అనే ఇంకో ఖనిజం ముక్కలు కొలిమిలో వేస్తే దాని నుంచి బెరీలియం ఆవిరై, సుమారు 1,800 డిగ్రీల దగ్గర సఫైర్ లోపలికి చొచ్చుకుపోతోందని తర్వాత ల్యాబులు తేల్చాయి. టైటానియం పైపొరలోనే ఆగిపోతుంది, బెరీలియం పరమాణువు చిన్నది కాబట్టి రాయి మధ్య దాకా వెళ్తుంది. పది లక్షల్లో కొన్ని పాళ్లు ఉన్నా రంగు మారిపోతుంది. మామూలు మైక్రోస్కోప్‌కి ఇది చాలాసార్లు అందదు. లేజర్‌తో సూదిమొన అంత చోటు కాల్చి మూలకాల్ని కొలిచే యంత్రం కావాలి. ఆ యంత్రం లేని ల్యాబ్ "నేచురల్ ఎల్లో సఫైర్, హీటెడ్" అని రాసిచ్చినా దానిలో బెరీలియం ఉండే అవకాశం మిగిలే ఉంటుంది. మండే పసుపు, మచ్చ లేదు, నాలుగైదు క్యారెట్లు, ధర బేరమాడకుండానే తగ్గింది అంటే నేను మొదట అనుమానించేది దీన్నే. రంగు పోదు, రాయి పాడవదు. కానీ దాని ధర సహజ పసుపు ధరలో చిన్న వంతు ఉండాలి.

జ్యోతిష్యానికి ఏది పనికొస్తుందో నేను చెప్పను, అది మీ జ్యోతిష్కుల పని. బరువు విషయంలో మాత్రం ఒక మాట. వాళ్లు రత్తి లెక్క చెబితే ఏ రత్తి అని అడగండి. పాత రత్తి సుమారు 0.61 క్యారెట్, వ్యాపారంలో పక్కా రత్తి అనేది సుమారు 0.91 క్యారెట్. "5 రత్తి" అంటే ఒక లెక్కలో 3 క్యారెట్లు, ఇంకో లెక్కలో నాలుగున్నర. ఈ రాళ్లలో బరువు పెరిగేకొద్దీ క్యారెట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి తేడా చిన్నది కాదు.

నారింజ, గులాబీ కలిసిన రంగుని పద్పరాద్షా అంటారు. శ్రీలంకలో తామరపువ్వు రంగుతో పోల్చి పెట్టిన పేరు. మీరు అడగలేదు గానీ దీని గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే సఫైర్లలో ఇంత గొడవ ఉన్న రంగు ఇంకోటి లేదు. 2018లో బ్రిటన్ యువరాణి యూజెనీ నిశ్చితార్థం ఉంగరంలో ఈ రాయి కనిపించాక మన ఎన్నారైలు కూడా అడగడం మొదలుపెట్టారు. గులాబీ ఎంత ఉండాలి, నారింజ ఎంత ఉండాలి అనే దగ్గర ల్యాబులు ఒక్కో మాట చెబుతాయి. ఒక రిపోర్ట్‌లో పద్పరాద్షా, ఇంకో రిపోర్ట్‌లో పింక్ సఫైర్ అని వచ్చిన రాళ్లు ఉన్నాయి. దానికి తోడు 2016లో మడగాస్కర్‌లోని అంబతొంద్రజాక ప్రాంతంలో దొరికిన రాళ్లు కొన్ని, చూడ్డానికి అచ్చం పద్పరాద్షాలు, కొన్ని వారాలు వెలుగులో ఉంటే ఉత్త గులాబీ అయిపోయాయి. నారింజ భాగం నిలకడలేని లోపాల వల్ల వచ్చిందన్నమాట. అందుకే ఇప్పుడు మంచి ల్యాబులు రాయిని బలమైన దీపం కింద గంటల తరబడి ఉంచి, రంగు నిలబడితేనే ఆ పేరు రాస్తాయి. రంగు నిలకడ పరీక్ష చేశారా అని అడగకుండా ఈ రాయి కొనొద్దు.

మీ అమ్మాయి అడిగిన టీల్ దగ్గర ఇంత భయం లేదు. ఆకుపచ్చ సఫైర్ ఎప్పుడూ చవకే. ఇనుము ఎక్కువై మొద్దుగా ఉంటుందని నీలం కొనేవాళ్లు పక్కన పెట్టేసేవాళ్లు. నీలం ఆకుపచ్చ మధ్య రంగుకి టీల్ అని పేరు పెట్టి అమ్మడం మొదలయ్యాక అమెరికాలో గిరాకీ పెరిగింది. అక్కడ మోంటానా రాష్ట్రంలో ఈ రంగు బాగా దొరుకుతుంది. 1865లో మిస్సోరి నది ఇసుకలో బంగారం వెతికినవాళ్లకి మొదట సఫైర్లు తగిలాయి. ఆ నది రాళ్లు, రాక్ క్రీక్ రాళ్లు చాలావరకు లేత రంగులో ఉంటాయి, వేడి చేసి రంగు పెంచుతారు. అదే రాష్ట్రంలోని యోగో గల్చ్ రాళ్లు వేరు. పుట్టుకతోనే చక్కటి నీలం, వేడి అక్కర్లేదు, కాకపోతే ఒక క్యారెట్ దాటడమే అరుదు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో సఫైర్ అనే పేరుతో ఒక ఊరే ఉంది. అక్కడి రాళ్లలో సగం నీలం సగం పసుపు ఉన్నవి దొరుకుతాయి. ఒకప్పుడు ఎవరికీ పట్టనివి, ఇప్పుడు వాటికోసమే వెతుకుతున్నారు. టీల్ రాయిని బల్బు కింద, కిటికీ దగ్గర రెండు చోట్లా చూడమనండి. బల్బు కింద ఆకుపచ్చ వైపు, పగటి వెలుగులో నీలం వైపు మొగ్గుతుంది. అది ఇష్టపడి కొనేవాళ్లు ఉన్నారు, చూసి దిగులుపడేవాళ్లూ ఉన్నారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గులాబీ రాయిలో తగాదా ఎక్కడ గులాబీ ఆగి కెంపు మొదలవుతుందనే దాని మీదే, ఎందుకంటే కెంపు అనగానే ధర ఎక్కుతుంది. గులాబీలో ఉండే నీలి ఛాయని తీసేయడానికి 1,000 డిగ్రీల లోపు వేడి చాలు, దాని ఆనవాళ్లు పట్టడం కష్టం. పగలు నీలంగా, బల్బు కింద వంగపండు రంగులోకి మారే సఫైర్లు శ్రీలంకలో, టాంజానియాలో దొరుకుతాయి. విదేశాలకి వెళ్లిన చుట్టాలు అలెగ్జాండ్రైట్ అని తెచ్చే పెద్ద రాయి మాత్రం ఎక్కువగా వెనేడియం కలిపి చేసిన ఫ్యాక్టరీ సఫైర్. తెల్ల సఫైర్‌ని శుక్రుడి కోసం వజ్రం బదులు అడుగుతారు. దానికి వజ్రంలా రంగుల మెరుపు ఉండదు, ఆ ఆశతో కొనకండి. స్టార్ సఫైర్‌లో ఆరు కాళ్ల నక్షత్రం లోపలి సన్నటి సూదుల వల్ల వస్తుంది. న్యూయార్క్ మ్యూజియంలో ఉన్న సుమారు 563 క్యారెట్ల స్టార్ ఆఫ్ ఇండియా, పేరు అలా ఉన్నా, దొరికింది శ్రీలంకలో. సహజ రాయిలో నక్షత్రం దీపంతో పాటు కదులుతుంది, కాళ్లు కొంచెం వంకరగా ఉంటాయి, అడుగు భాగం సాన లేకుండా గరుగ్గా వదిలేస్తారు. గీత గీసినట్టు అందంగా ఉంటే 1947 నుంచి తయారవుతున్న ఫ్యాక్టరీ నక్షత్రమేమో చూసుకోండి.

మీ రెండు కొనుగోళ్లకి నేను చేయమనేది ఇది. రాయిని ఉంగరంలో బిగించకముందే చూడండి. మధ్యాహ్నం లోపు, నేరుగా ఎండ పడని చోట, తెల్ల కాగితం మీద పెట్టండి. రిపోర్ట్‌లో "నేచురల్" అనే మాట చూసి ఆగిపోకండి. ఆ మాటకి రాయి భూమిలో పుట్టిందనే అర్థం, రంగు గురించి కాదు. దాని కింద ట్రీట్‌మెంట్ అనే వరుస ఉంటుంది. "హీటింగ్ ఆనవాళ్లు లేవు" అని ఉందా, "హీటెడ్" అని ఉందా, డిఫ్యూజన్ (బయటి లోహాన్ని ఎక్కించడం) అనే మాట ఉందా చూడండి. ఆ వరుసే లేకపోతే ఆ రిపోర్ట్ మీకు అక్కర్లేదు. పసుపు రాయికి బెరీలియం పరీక్ష చేసే ల్యాబ్ రిపోర్టే అడగండి. అమెరికా రత్నాల సంస్థ జీఐఏ వంటి పెద్ద ల్యాబులు చేస్తాయి. ఖరీదు ఎక్కువైతే, రిపోర్ట్ వచ్చాక నచ్చకపోతే వెనక్కి తీసుకునే షరతు బిల్లు మీద రాయించుకోండి. రాయించడానికి ఒప్పుకోని షాపు నుంచి మంచి రంగు రాయి తీసుకోవాల్సిన పని లేదు. చివరిగా రిపోర్ట్ నంబరు ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ కనిపించే బరువు, కొలతలు మీ చేతిలో రాయితో సరిపోయాకే డబ్బు ఇవ్వండి. మంచి రిపోర్ట్‌కి వేరే రాయి జతచేసి అమ్మడం కూడా ఈ బజార్లో జరుగుతుంది.